పోతు బొప్పాయిలు ఎన్ని ఉంచాలి, ఎన్ని కొట్టేయాలి?

హొసకోటె_సైటు · అక్టోబరు 6, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. బెంగళూరు దగ్గర హొసకోటె దాటాక మా సైటులో జూన్ మొదటివారంలో నలభై గుంతల్లో బొప్పాయి పెట్టాం. గుంతకు మూడేసి మొక్కలు, ఎటు చూసినా ఆరడుగుల ఎడం. 28 గుంతల్లో సీవో 2 రకం విత్తనం. మిగతా 12 గుంతల్లో కె.ఆర్. మార్కెట్లో కొన్న పొడుగాటి కాయలోని గింజలు. ఇప్పుడు పూత మొదలైంది. కొన్నింటికి జానెడు, రెండు జానల పొడవున తీగల్లా వేలాడే పూగుత్తులు వస్తున్నాయి. కొన్నింటికి మానును అంటుకునే మొగ్గలున్నాయి. వేలాడేవి పోతు చెట్లని, కాయవని పక్క సైటు వాచ్‌మన్ అంటున్నాడు. అన్నీ ఇప్పుడే కొట్టేయమంటారా? కొన్ని ఉంచాలంటే ఎన్ని? పొడుగు కాయ గింజలకు పోతు మొక్కలు రావని ఎక్కడో చదివాను, కానీ ఆ 12 గుంతల్లోనూ వేలాడే పూత కనబడుతోంది. ఇదెలా?

పరంగితోట · అక్టోబరు 6, ఉదయం 9:15

కత్తి పక్కన పెట్టండి, ఇంకో మూడు వారాలు ఆగాలి. మగ చెట్లు ఆడవాటికంటే ముందు పూస్తాయి. ఈ రోజు మీకు కనబడుతున్న లెక్క మగవైపు మొగ్గి ఉంటుంది.

గుర్తుపట్టడం ఇలా. మగ పూగుత్తి కాడ పొడుగు, కొమ్మలు చీలి ఉంటుంది, వేలాడుతుంది. పూలు సన్నటి గొట్టాల్లా ఉంటాయి, గుత్తికి పదుల్లో. ఆడ పువ్వు ఆకు తొడిమ మొదట్లో పొట్టి కాడకు ఒంటరిగానో, రెండు మూడు కలిసో ఉంటుంది. మొగ్గ అడుగున లావు, కొసకు సన్నం. విచ్చుకున్నాక ఐదు రేకలూ అడుగు దాకా విడివిడిగా ఉంటాయి, మధ్యలో గుండ్రటి పిందె, దాని నెత్తిన విసనకర్రలా చీలిన ఐదు కీలాగ్రాలు, పుప్పొడి పడాల్సింది వాటి మీదే. పుప్పొడినిచ్చే కేసరాలు ఉండవు.

మూడోది ద్విలింగ చెట్టు, అంటే ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉండేది. దీన్ని చాలామంది ఆడదనుకుంటారు. ఇదీ పొట్టి కాడకే పూస్తుంది. కానీ మొగ్గ అడుగు నుంచి కొస దాకా దాదాపు ఒకే లావు. రేకలు కింది భాగంలో అతుక్కుని గొట్టంలా ఉంటాయి, లోపల పొడుగాటి పిందె, దాని చుట్టూ పది పసుపు కేసరాలు. అనుమానముంటే ఒక మొగ్గను బ్లేడుతో నిలువుగా చీల్చండి. పసుపు పొడి తిత్తులు కనబడితే ద్విలింగం, లేకపోతే ఆడ. ఒక మొగ్గ పోతే చెట్టుకేం నష్టం లేదు.

మొక్క దిట్టంగా ఉందని దాన్ని ఉంచి బక్కవి పీకేసే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. బొప్పాయిలో ఆ పని పూత చూడకముందు చేయొద్దు.

విత్తనాలపెట్టె · అక్టోబరు 6, ఉదయం 11:02

మూడో ప్రశ్న మంచి చిక్కు. దానికి ముందు రకాల సంగతి తెలియాలి.

బొప్పాయి రకాలు రెండు తీరులు. మొదటిదాంట్లో మగ, ఆడ చెట్లు వేరువేరు: సీవో 1, సీవో 2, సీవో 5, సీవో 6, పూసా డ్వార్ఫ్, పూసా నన్హా, వాషింగ్టన్ ఇలాంటివి. రెండోదాంట్లో మగ చెట్లుండవు, ఆడ, ద్విలింగ మాత్రమే: సీవో 3, సీవో 7, కూర్గ్ హనీడ్యూ, పూసా డెలీషియస్, మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క సూర్య, అర్క ప్రభాత్, తైవాన్ నుంచి వచ్చిన రెడ్ లేడీ.

క్రోమోజోముల్లో ఆడది ఎక్స్ ఎక్స్. మగది ఎక్స్ వై. ద్విలింగానిది ఎక్స్‌తో పాటు ఇంకో రకం వై, దాన్ని వైహెచ్ అంటారు. రెండు వైలు, అవి ఏ రకానివైనా, ఒకే గింజలో చేరితే ఆ పిండం బతకదు. మొత్తం లెక్కంతా ఈ ఒక్క నియమం మీద నడుస్తుంది.

ఆడ పువ్వుకు మగ పుప్పొడి పడితే పిల్లల్లో సగం ఆడ, సగం మగ. ఆడ పువ్వుకు ద్విలింగ పుప్పొడి పడితే సగం ఆడ, సగం ద్విలింగం. ద్విలింగ పువ్వు తన పుప్పొడితోనే కాస్తే రెండు వంతులు ద్విలింగం, ఒక వంతు ఆడ. ద్విలింగ పువ్వుకు మగ పుప్పొడి పడితే మూడూ తలా ఒక వంతు.

పొడుగు కాయ ద్విలింగ చెట్టుది, గుండ్రటిది ఆడ చెట్టుది. మీ కాయ పొడుగు కాబట్టి తల్లి ద్విలింగం. దాని పిల్లల్లో మగవి కనబడ్డాయంటే ఆ తోట చుట్టుపక్కల మగ చెట్టుండాలి, ఆ పుప్పొడి పడి ఉండాలి. ‘పొడుగు కాయ గింజకు పోతు రాదు’ అన్న మాట నిజమే, కాయ కట్టేటప్పుడు దగ్గర్లో పోతు లేకపోతేనే. మార్కెట్ కాయకు తండ్రెవరో ఎవరు చూశారు?

కోరమంగళ_కుండీ · అక్టోబరు 6, మధ్యాహ్నం 1:30

మగ చెట్టు కూడా ఒక్కోసారి కాయ కాస్తుంది కదండీ, వేలాడే కాడ చివర. ఆ కాయ గింజలేమో?

విత్తనాలపెట్టె · అక్టోబరు 6, మధ్యాహ్నం 2:10

కాస్తుంది, ముఖ్యంగా చలి రోజుల్లో. కానీ ఆ కాయలు చిన్నవి, పొడుగు కాడకు వేలాడుతుంటాయి, బజారుకు రావు. ఒకవేళ అవి సొంత పుప్పొడితో కట్టాయనుకున్నా పిల్లల్లో రెండు వంతులు మగ, ఒక వంతు ఆడ వస్తాయి, ద్విలింగం ఒక్కటీ రాదు. కాబట్టి ఆ 12 గుంతల్లో ద్విలింగ మొక్క ఒక్కటి కనబడినా మీ అనుమానం కొట్టుకుపోతుంది.

గుంతకు మూడు మొక్కల లెక్క కూడా ఇక్కడే చెప్తాను. సీవో 2లో ఒక్కో మొక్క ఆడదయ్యే అవకాశం సగం. గుంతలో రెండు పెడితే రెండూ మగవయ్యేది నాలుగింట ఒకటి. మూడు పెడితే ఎనిమిదింట ఒకటి. నాలుగు పెడితే పదహారింట ఒకటి. అంటే మీ 28 గుంతల్లో మూడో నాలుగో పూర్తిగా మగ గుంతలు రావాలి. అది మీ దురదృష్టం కాదు, మామూలు లెక్క. నిఖార్సైన ద్విలింగ రకమైతే గుంతకు రెండు చాలు, తొమ్మిదింట ఒక గుంతలోనే రెండూ ఆడవి వస్తాయి. వచ్చినా నష్టం లేదు, అవీ కాస్తాయి.

పాతకాపు · అక్టోబరు 6, సాయంత్రం 6:45

ఇంత లెక్కలెందుకు బాబూ. పోతు చెట్టు మానుకు మేకు కొట్టండి, లేకపోతే తల నరకండి. పక్క పిలకలు ఆడ పూత వేస్తాయి. మా కాలంలో అందరూ అదే చేసేవాళ్లు.

పరంగితోట · అక్టోబరు 6, రాత్రి 8:20

పాతకాపు గారూ, ఆ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మగ, ద్విలింగ చెట్లు వాతావరణాన్ని బట్టి పూత మారుస్తాయి. వానాకాలం చివర తల నరికితే పిలకలు చలికాలంలో పూస్తాయి, ఆ చలికి మగ గుత్తిలో నాలుగు కాయలు కట్టవచ్చు. పేరు మేకుకు పోతుంది. ఎండలు వచ్చేసరికి మళ్లీ ఉత్త మగ పూతే. క్రోమోజోమ్ మేకుకు మారదు.

మరో చిక్కుంది. బొప్పాయి మాను లోపల గుల్ల. తల నరికి వదిలేస్తే వాన నీళ్లు దిగి కుళ్లుతుంది. నరకాల్సి వస్తే కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసి, పాలిథిన్ కప్పి కట్టాలి.

ఇంకో సంగతి, ఆడ చెట్టు మాత్రం మారదు. ఎండైనా చలైనా ఆడ పూతే పూస్తుంది.

పాతకాపు · అక్టోబరు 6, రాత్రి 9:05

ఒప్పుకుంటున్నా, మేకు సంగతి వదిలేద్దాం. కానీ నరికిన పిలకకు ఆడ కొమ్మ అంటు కట్టొచ్చు కదా?

పరంగితోట · అక్టోబరు 6, రాత్రి 9:30

అది కుదురుతుంది. మగ చెట్టును మోకాలెత్తుకు పైన కోసి, రెండు మూడు పిలకలు పెన్సిల్ లావు అయ్యాక, మంచి ఆడ లేదా ద్విలింగ చెట్టు పక్క పిలకను తెచ్చి చీలిక అంటు కట్టాలి. రెండు లావులూ సరిపోవాలి. పాలు కారుతుంటాయి కాబట్టి కోత తడిగుడ్డతో తుడిచి వెంటనే జోడించి, టేపు చుట్టి, పాలిథిన్ సంచి తొడిగి నీడ ఇవ్వాలి. చెట్టు రకం, లింగం రెండూ కచ్చితంగా దక్కుతాయి. కానీ ఆరు నెలల మొక్కకు ఇంత సేవ చేయడంకంటే కొత్త మొక్క పెట్టడం తేలిక. బాగా ఇష్టమైన చెట్టుకు నకళ్లు కావాలనుకుంటే మాత్రం రెండు నెలల నారు మీద ఇదే పద్ధతి వాడండి.

మిద్దెమీద_మునగ · అక్టోబరు 7, ఉదయం 6:50

నాది వేరే బాధ. వైట్‌ఫీల్డ్‌లో మేడ మీద రెండు డ్రమ్ముల్లో పూసా నన్హా పెట్టాను. అడుగున్నర ఎత్తులోనే పూత వచ్చింది. ఒకటి మగదని తేలి రెండు నెలల కిందటే తీసేశాను. మిగిలిన ఆడదానికి పువ్వులు బాగానే వస్తున్నాయి, పిందె ఉసిరికాయంత అయ్యి పసుపెక్కి రాలిపోతోంది. బోరాన్ వేయమని షాపతను చెప్పాడు.

పరంగితోట · అక్టోబరు 7, ఉదయం 8:10

అక్కా, బోరాన్ లోటుంటే కాయ మీద బుడిపెలు, కాయ వంకర, పాలు కారడం కనబడతాయి. మీకు రాలిపోతున్నది పుప్పొడి లేక. ఉన్న ఒక్క మగదాన్నీ మీరే సాగనంపారు.

చుట్టుపక్కల ఎవరి పెరట్లోనైనా వేలాడే పూత ఉందేమో చూడండి, బెంగళూరులో ఏ వీధిలోనైనా ఒకటి ఉంటుంది. సాయంత్రం మీ చెట్టులో రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గకు కాగితం సంచి తొడగండి. తెల్లగా లేత పసుపుగా మారి రేకల కొసలు వదులైన మొగ్గ అది. పొద్దున ఏడు గంటల లోపు మగ చెట్టు నుంచి అప్పుడే విచ్చుకున్న పూలు పది తెచ్చుకోండి. గొట్టాన్ని గోటితో చీల్చితే గొంతు దగ్గర పసుపు పొడి కనబడుతుంది. సంచి తీసి ఆ పొడిని ఐదు కీలాగ్రాల మీదా మెల్లగా రుద్దండి, ఒక ఆడ పువ్వుకు రెండు మూడు మగ పూలు వాడండి. మళ్లీ సంచి తొడిగి రెండు రోజులకు తీసేయండి. పది రోజుల్లో పిందె ముదురు ఆకుపచ్చగా ఉబ్బితే పని అయినట్టు.

తెచ్చిన పూలు తడిగా ఉంటే పొడి ముద్దకట్టి పనికిరాదు. వాన పడిన పొద్దున ఈ పని మానేయండి.

మిద్దెమీద_మునగ · అక్టోబరు 7, ఉదయం 8:35

పుప్పొడి లేకుండా కాసే బొప్పాయిలూ ఉంటాయంటారు, గింజలేనివి?

విత్తనాలపెట్టె · అక్టోబరు 7, ఉదయం 9:00

కొన్ని ఆడ చెట్లు పుప్పొడి లేకుండానే కొన్ని కాయలు నిలబెడతాయి. కాయ చిన్నది, గింజలుండవు. నమ్ముకుని డ్రమ్ము అప్పగించేంత నమ్మకం లేదు. మేడ మీద ఒకే చెట్టుకు చోటుంటే ద్విలింగ రకం పెట్టుకోవడం మంచిది. మొగ్గ దశలో చూసి ద్విలింగాన్నే ఉంచండి. దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

తాంబరం_తాటిచెట్టు · అక్టోబరు 7, మధ్యాహ్నం 12:25

చెన్నై నుంచి ఒక మాట. ‘ద్విలింగమే మంచిది’ అనేది బెంగళూరులో కూర్చుని చెప్పే మాట. మా దగ్గర మే నెలలో 38 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ద్విలింగ చెట్టు పువ్వుల్లో పిందె ఎండు పుల్లలా సన్నబడిపోతుంది, కేసరాలు మాత్రమే మిగులుతాయి. చెట్టు మీద రెండు మూడు నెలల పాటు ఒక్క కొత్త పిందె నిలవదు, మాను చుట్టూ కాయల మధ్య ఖాళీ పట్టీ కనబడుతుంది. నీళ్లు తగ్గినా, నత్రజని తగ్గినా ఇది ఇంకా ముదురుతుంది. ఆడ చెట్టుకు ఈ బాధ తక్కువ, పుప్పొడి అందితే చాలు.

ఇందులో జనం చేసే తప్పొకటుంది. ఆ ఎండల్లో ద్విలింగ చెట్టు పూతను చూసి ‘అయ్యో పోతుది’ అని నరికేస్తారు. కాడ చూడండి. అసలు మగదానికి కాడ పొడుగు, కొమ్మలు చీలి ఉంటుంది. ఎండదెబ్బ తిన్న ద్విలింగానికి కాడ పొట్టిదే, పువ్వు కాస్త పెద్దది. వానలు పడగానే మళ్లీ కాయ కడుతుంది.

మగ చెట్టంటే మీ అందరికీ ఎందుకింత చులకనో! తాటి తోటలో అయితే పోతుతాడును ఎవరూ నరకరు. పోతుతాడు, పెంటితాడు తెలియడానికే పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. మా తమిళ పొరుగువాళ్లు మగదాన్ని అలగు పనై, ఆడదాన్ని పరువ పనై అంటారు. ముంజలు, తాటిపండు, తేగలకు టెంక పెంటిదానివే. కానీ కల్లుగీతకు రెండూ పనికొస్తాయి, నీరా (పులియని తీపి రసం) పెంటిదానికి కొంచెం ఎక్కువ దిగుతుంది. మట్టలు, కమ్మలు, నార, కలప దేనికైనా సరే. 2021లో తమిళనాడు తొలి వ్యవసాయ బడ్జెట్టులో 76 లక్షల తాటి టెంకలు నాటిస్తామన్నారు. వాటిలో సగం పోతువని తెలిసీ ఎవరూ కంగారు పడలేదు. పైగా నరకాలంటే కలెక్టరు అనుమతి కావాలన్నారు.

కోరమంగళ_కుండీ · అక్టోబరు 7, మధ్యాహ్నం 1:05

అన్నా, టెంక చూసి పోతో పెంటో చెప్పగలిగేవాళ్లు ఉంటారంటారు. ఒంటి టెంక కాయైతే పోతు, మూడు టెంకలైతే పెంటి అని.

తాంబరం_తాటిచెట్టు · అక్టోబరు 7, మధ్యాహ్నం 1:40

నాటిన పదిహేనేళ్ల తర్వాత వాళ్లను అడగడానికి ఎవరూ వెళ్లరు కాబట్టి ఆ మాట బతికేస్తోంది. ఒకే పండులోని మూడు టెంకలు మూడు వేర్వేరు పిండాలు, పోతుకూ పెంటికీ దేని అవకాశం దానిదే, సగం సగం. గట్టున తాడి పెట్టదలిస్తే టెంకను నేరుగా అక్కడే పాతండి, సంచుల్లో పెంచి మార్చొద్దు. మొలక ముందు కిందికి దిగుతుంది, మూరెడు లోతుకు వెళ్లాక గానీ ఆకు పైకి రాదు. ఆ మొలక తెగితే మొక్క పోయినట్టే.

మోడరేటర్ · అక్టోబరు 7, మధ్యాహ్నం 2:00

తాటి చర్చ బాగుంది, వేరే దారం (థ్రెడ్) తెరవండి. ఇక్కడ బొప్పాయి.

హొసకోటె_సైటు · అక్టోబరు 27, ఉదయం 8:00

మూడు వారాలు ఆగాను. ప్రతి మొక్కకూ రంగు దారం కట్టి లెక్క రాశాం.

సీవో 2 గుంతలు 28. నాలుగు మొక్కలు చనిపోగా 80 మిగిలాయి. మగ 39, ఆడ 33, ఇంకా పూయనివి 8. కనీసం ఒక ఆడ మొక్క ఉన్న గుంతలు 23. పూర్తిగా మగ గుంతలు 3. తేలనివి రెండు.

మార్కెట్ గింజల గుంతలు 12, మొక్కలు 36. మగ 11, ద్విలింగం 13, ఆడ 9, పూయనివి 3. ద్విలింగం ఉన్న గుంతలు 9, ఆడవి మాత్రమే ఉన్నవి 2, పూర్తిగా మగది 1.

ఇక కత్తి తీయమంటారా?

విత్తనాలపెట్టె · అక్టోబరు 27, ఉదయం 8:40

11, 13, 9. మూడూ దాదాపు సమానం. ఆ పొడుగు కాయకు మగ పుప్పొడి గట్టిగానే పడింది. మీ మూడు మగ గుంతలు కూడా 28లో ఎనిమిదో వంతు లెక్కకు దగ్గరే.

పరంగితోట · అక్టోబరు 27, ఉదయం 9:25

తీయండి. ముందు ఎవరిని ఉంచాలో చెప్తాను.

సీవో 2 ఆడ చెట్లు 23 గుంతల్లో ఒక్కొక్కటి, మార్కెట్ గుంతల్లో 2. మొత్తం పాతిక చిల్లర. పదిహేను ఇరవై ఆడ చెట్లకు ఒక మగది చాలు. మీకు రెండు మగ చెట్లు ఉంచితే సరి. పూర్తిగా మగవైన నాలుగు గుంతల్లోంచే ఆ రెండూ తీసుకోండి, అప్పుడు ఆడ గుంతలు ఏవీ త్యాగం కావు. ఒకదానికొకటి దూరంగా ఉన్న గుంతలు చూసుకోండి, ఒక మూలన రెండూ ఉంటే అవతలి మూల ఆడవాటికి పిందె పలచబడుతుంది. ‘ద్విలింగాలు తొమ్మిదున్నాయి కదా, వాటి పుప్పొడి చాలదా’ అని మీరు అడగవచ్చు. ఎండల్లో చాలుతుంది. చలికాలంలో వాటి కేసరాలే చెడిపోతాయి, ఆ మాట కింద రాస్తాను. మగది ఉంటే ఏడాది పొడుగునా పుప్పొడి ఉంటుంది.

గుంతకు ఒక్క చెట్టే. రెండు ఆడవి ఉన్నచోట కింద పూత మొదలైనదాన్ని, కణుపులు దగ్గరగా ఉన్నదాన్ని ఉంచండి. ‘రెండూ కాస్తాయి కదా’ అని జాలిపడితే రెండూ సన్నగా పైకి సాగి కాయ పైన ఎక్కడో పడుతుంది.

వద్దనుకున్నదాన్ని పీకొద్దు. మూడు మొక్కల వేర్లు ముడిపడి ఉంటాయి, పీకితే ఉంచుకున్నది కదిలి ఆకులు పండుతాయి. నేల మట్టానికి కోసి, గుల్ల మానులోకి మట్టి కూరి, పైన రెండంగుళాల మట్టి కప్పండి. లేకపోతే ఆ గుల్లలో నీళ్లు నిలిచి కుళ్లు మొదలై పక్క చెట్టు మొదలుకు అంటుతుంది. ఎండ పొద్దున కోయండి, వాన రోజున వద్దు. పాలు చేతికి, కంటికి తగలకుండా గ్లౌజులు వేసుకోండి. చర్మం బొబ్బలెక్కుతుంది.

ఎరువు ఇప్పుడు మొదలుపెట్టండి, అక్కర్లేని చెట్లకు మేత వేయకుండా ఇన్నాళ్లూ ఆగడమే మంచిదైంది. రెండు నెలలకోసారి చెట్టుకు నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 50 గ్రాములు. సంచి లెక్కలో యూరియా సుమారు 110 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 310 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 85 గ్రాములు. మానుకు అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి వేసి, మట్టి కప్పి నీళ్లివ్వండి. మానుకు ఆనించి పోస్తే మొదలు కాలుతుంది. మగ చెట్లకూ వేయండి, ఆకలితో ఉన్న మగది పూత తగ్గిస్తుంది.

నీళ్లు నిలవకూడదు. ఒకరోజు మడుగులో ఉంటే చాలు, మొదలు కుళ్లు వస్తుంది. ఆడా మగా తేడా చూడదు అది.

హొసకోటె_సైటు · అక్టోబరు 27, ఉదయం 10:15

మిగతా రెండు మగ గుంతల్లో కొత్త మొక్కలు పెట్టనా? చలికాలం సంగతి కూడా చెప్పండి.

పరంగితోట · అక్టోబరు 27, ఉదయం 11:40

వెంటనే పెడితే పెట్టండి, పక్క చెట్లు గొడుగు పట్టకముందే. ఆలస్యమైతే నీడలో సాగిపోతాయి. నారు పోయాలంటే గింజ మీది జిగురు పొర బూడిదతో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టి, సంచుల్లో వేయండి. ఆ పొర ఉంటే మొలక రాదు. రెండు మూడు వారాల్లో మొలుస్తుంది, నెలన్నర నుంచి రెండు నెలలకు నాటాలి. అంత ఓపిక లేకపోతే నర్సరీ నుంచి ద్విలింగ రకం నారు తెచ్చుకోండి.

చలికాలం: డిసెంబరు, జనవరిలో మన దగ్గర రాత్రి 15, 16 డిగ్రీలకు పడుతుంది. అప్పుడు ద్విలింగ చెట్ల మొగ్గల్లో కేసరాలు పిందె గోడకు అతుక్కుపోయి పిందెలా మారిపోతాయి. ఆ పూత కాయలు గాడులు పడి, నోరు తెరిచినట్టు, పిల్లి మొహంలా వస్తాయి. క్యాట్‌ఫేస్ అంటారు. పండుకు రుచి ఉంటుంది గానీ కోయడానికి, అమ్మడానికి రాదు. మీ 9 ద్విలింగ గుంతల్లో ఇది తప్పదు, తగ్గించవచ్చు. నవంబరు మధ్య నుంచి జనవరి దాకా యూరియా సగానికి తగ్గించండి, నీళ్లు మితంగా ఇవ్వండి. నత్రజని, తడి ఎక్కువైతే ఈ రోగం ముదురుతుంది. నిమ్మకాయ సైజులో ఉన్నప్పుడే వంకర పిందెలు గిల్లేయండి, మంచి పిందెలకు ఆ బలం పోతుంది. మార్చి తర్వాత పూసినవి మళ్లీ సాపుగా వస్తాయి.

ఆడ చెట్లకు ఇది రాదు. వాటికి చెడిపోవడానికి కేసరాలే లేవు మరి.

తాంబరం_తాటిచెట్టు · అక్టోబరు 27, మధ్యాహ్నం 12:10

చూశారా, మాకు ఎండ, మీకు చలి. ఆడ చెట్టుకు రెండు ఊళ్లూ ఒకటే.

కోరమంగళ_కుండీ · అక్టోబరు 27, మధ్యాహ్నం 12:50

మరి బజారంతా ద్విలింగ కాయకే ఎందుకు ఎగబడుతుంది?

పరంగితోట · అక్టోబరు 27, మధ్యాహ్నం 1:15

పెట్టెలో సర్దడానికి. పొడుగు కాయ వరుసగా కూర్చుంటుంది, కండ మందం, లోపల డొల్ల చిన్నది. ఒకే రకంలో ఆడ కాయ గుండ్రం, డొల్ల పెద్దది, కండ పలచన. తీపిలో చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. ఇంటికి తినడానికైతే ఏదైనా ఒకటే. పచ్చికాయ పాలు తీసి పపైన్ అనే ఎంజైమ్ చేసేవాళ్లకు మాత్రం సీవో 2, సీవో 5 ఆడ కాయలే కావాలి. రెండున్నర మూడు నెలల కాయకు పొద్దున పది లోపల నిలువుగా నాలుగు గాట్లు పెడతారు, మూడు మిల్లీమీటర్ల లోతు దాటకుండా.

హొసకోటె_సైటు · అక్టోబరు 27, సాయంత్రం 5:30

చివరిగా ఒకటి. వచ్చే ఏడాదికి సొంత విత్తనం దాచుకుందామనుకుంటున్నాను. మార్కెట్ గుంతల్లోని ద్విలింగాలు బాగున్నాయి.

విత్తనాలపెట్టె · అక్టోబరు 27, సాయంత్రం 6:20

మీ తోటలో రెండు మగ చెట్లు ఉంచుతున్నారు. సంచి కట్టకుండా ఏ కాయ గింజ తీసినా మళ్లీ ఇదే కథ, మూడు రకాలూ వస్తాయి. ద్విలింగ మొగ్గ విచ్చుకోకముందే కాగితం సంచి తొడిగి, అంచు గట్టిగా కట్టండి. దాని పుప్పొడి దానికే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదు. పిందె కనబడ్డాక సంచి తీసి కాడకు గుర్తు దారం కట్టండి. చలికాలం పూత వద్దు, ఫిబ్రవరి చివర, మార్చి పూత ఎంచుకోండి. ఒక్క చెట్టు మీదే ఆధారపడకుండా మూడు చెట్ల మీద రెండేసి పూలు కట్టండి. ఆ గింజల్లో రెండు వంతులు ద్విలింగం, మగది ఒక్కటీ రాకూడదు. వస్తే సంచి జారిందని అర్థం.

రెడ్ లేడీ లాంటి హైబ్రిడ్ కాయ గింజలు మాత్రం దాచొద్దు. లింగం లెక్క కుదిరినా కాయ రంగు, సైజు, రుచి చెట్టుకో తీరుగా చీలిపోతాయి.

హొసకోటె_సైటు · అక్టోబరు 28, ఉదయం 7:10

కోత మొదలైంది. 17వ గుంత దగ్గర ఆగాను. రెండు మగవి తేలాయి, మూడోది ఇంకా పూయలేదు, మిగతావాటికంటే చిన్నది. దాన్ని కూడా తీసేసి కొత్తది పెట్టనా?

పరంగితోట · అక్టోబరు 28, ఉదయం 7:35

వద్దు. ఆలస్యంగా పూసేది ఆడదయ్యే అవకాశమే ఎక్కువ. రెండు మగవాటినీ ఇవాళే కోసేయండి, వెలుతురు తగలగానే అది పుంజుకుంటుంది. రెండు వారాల తర్వాత మొగ్గ చీల్చి చూడండి.

పాతకాపు · అక్టోబరు 28, ఉదయం 8:00

పోతుదైతే మేకు నేను తెస్తా.